మూడున్నర జానలు

నాచారంలో సైకిళ్లు బాగుచేసే ఆ పెద్దాయనకు టేపుతో పనిలేదు. తొక్కే మనిషిని నిలబెట్టి, మడమ నుంచి తొడ దాకా జానలతో కొలిచేవాడు. ఎక్కడా రాసుకునేవాడు కాదు, మరిచిపోయేవాడూ కాదు.

మోకాళ్లు పట్టేశాక కూడా మా నాన్నకు తన పాత రేసు సైకిలు మీద ఉప్పల్ దాకా వెళ్లాలని ఉండేది. గుంతలకు వెడల్పు టైర్లు, కాళ్లు నేలకు ఆనేలా పాతవాటి బదులు చిన్న చక్రాలు వేయమని అడిగాం.

"మూడున్నర జానలు. ఫికర్ జెయ్యకు సార్," అన్నాడు పెద్దాయన, నాన్నను కొలిచి.

చిన్న చక్రాలకు పాత బ్రేకులు అందలేదు. పొడుగు బ్రేకుల కోసం రెండు నెలలు ఊరంతా తిరిగాడు. అవి దొరికేలోపే నాన్న పోయాడు.

కర్మకాండలయ్యాక వెళ్లి చెప్పాను. పెద్దాయన ఖాళీ సీటు మీద చెయ్యి ఆన్చాడు. తర్వాత నన్ను కొలిచాడు, నాలుగు జానలు. సీటు పైకి లేపే ముందు ఆకురాయి తీసుకుని, సీటు గొట్టం మీద నాన్న ఎత్తు దగ్గర సన్నగా ఒక గీత గీశాడు.

"మీకు గుర్తుంటుంది కదా, గీత ఎందుకు?" అన్నాను.

ఆయన గీత మీది రజను వేలితో తుడిచాడు.

"నేను గూడ పోతే సారు కొలత ఎవరికెరుక, బిడ్డా?"