ఏసయ్య ఒక పక్కకు ఒరిగిన సంగతి

పసుపు కొమ్ముల రాశి మీద ఏసయ్య బోర్లా పడ్డప్పుడు ఆర్మూర్ మార్కెట్ అంతా నవ్వింది. పోలీసు పడితే నవ్వని ఊరెక్కడుంది? తూకం దగ్గర రైతుకూ దళారికీ మాటా మాటా పెరుగుతోందని విని, కానిస్టేబుల్ ఏసయ్య గిరుక్కున అటు తిరిగాడు. కుడికాలు నిలవలేదు. భుజాన ఉన్న రైఫిలు ముందుకు ఊగింది, దాని వెంటే అతనూ పోయాడు.

లేచేసరికి మీసాల దాకా పసుపు. "పొద్దుగాల్నే ఏసుకొచ్చిండు రా," అని గుంపులో ఎవరో అన్నారు.

ఆ మాట దెబ్బకన్నా ఎక్కువ నొప్పి పెట్టింది. ఏసయ్య మందు ముట్టడు. ఆదివారం చర్చిలో వాక్యం చదివే మనిషి. కబురు అతనికన్నా ముందే స్టేషన్ చేరింది. ఎస్సై దేవిదాస్ దగ్గరికి పిలిచి, మొహంలో మొహం పెట్టి వాసన చూశాడు. పొమ్మని చెయ్యి ఊపాడు.

అసలు సంగతి వేరే ఉంది. కొన్ని నెలలుగా ఏసయ్య కుడి తొడ బయటి వైపు మొద్దుబారుతోంది. గిల్లినా తెలియదు. మడమలో మేకు దిగినట్టు పోటు. బందోబస్తులో నిలబడీ నిలబడీ పొద్దు వాలేసరికి ఆ కాలు తనది కానట్టే ఉండేది. తండ్రి నడిపయ్యకూ పక్షవాతం కుడివైపే మొదలైంది. వేల్పూర్‌లో పొలానికి నీళ్లు పెడుతూ కూలబడిన ఆయన, మళ్లీ తన చేత్తో అన్నం కలుపుకోకుండానే పోయాడు. అదే తనకూ వచ్చిందని ఏసయ్య లోపల్లోపల తేల్చేసుకున్నాడు. బయటికి అంటే నిజమైపోతుందేమోనని భార్య సువార్తకు కూడా చెప్పలేదు.

ఆ వారమే ఒక ముద్దాయిని నిజామాబాద్ కోర్టుకు తీసుకుపోయే డ్యూటీ పడింది. తోడు సాటి కానిస్టేబుల్ గంగాకిషన్. ముద్దాయిని అప్పజెప్పి బయటికి రాగానే గంగాకిషన్ అతని చెయ్యి పట్టుకున్నాడు.

"కాలు గుంజుతున్నవ్. నేను చూస్తలేనా? దవాఖానకు నడువు."

"ఏం లేదన్నా, జర తిమ్మిరి."

"తిమ్మిరో ఏందో డాక్టర్ చెప్తది, నువ్వెందుకు చెప్పుడు?"

డాక్టర్ వినోద తన చేతులు గట్టిగా పట్టి నొక్కమంది, నాలుక చాపమంది, మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టింది, సూదితో తొడ అంతా తడిమింది. ఏసయ్య ఆమె మొహమే చూస్తున్నాడు. తీర్పు వినబోయే ముద్దాయి ఎలా ఉంటాడో అతనికి ఆ రోజే తెలిసింది.

ఆమె సుత్తి పక్కన పెట్టి, అతన్ని పైనుంచి కిందకి చూసింది. "రోజూ గిట్లనే నిలబడ్తరా? గీ సామాన్లన్నీ ఏసుకొని?"

"అవును మేడం."

బూట్లు విప్పించి, పాదాలు తడిపించి, పాత పేపరు మీద నిలబడమంది. కుడి పాదం మడమ దగ్గర ముద్దగా దిగింది, ఎడమది వేళ్ల దగ్గర ఊరికే అంటింది. తరువాత రైఫిలు గంగాకిషన్‌కు ఇప్పించి, బెల్టు తీయించి, ఇంకో పేపరు మీద నిలబెట్టింది. రెండు పాదాలూ ఇంచుమించు ఒకేలా పడ్డాయి.

"తుపాకి కుడి భుజానికి. తూటాల సంచి కుడి నడుముకు. వైర్‌లెస్ సెట్టు సుత గదే పక్కకు. బరువంతా ఒక్క కాలు మీద మోస్తున్నరు. బెల్టు బిగిచ్చి బిగిచ్చి తొడకు పోయే నరం నలిగింది. జల్దిన తిరిగితే పడరా మరి?"

"పక్షవాతం కాదా మేడం?"

"కాదు. పక్షవాతం జాడే లేదు."

ఏసయ్య బల్ల మీద కూర్చుండిపోయాడు. నవ్వు వచ్చింది, వెంటనే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. గంగాకిషన్ రెండు రైఫిళ్లు పట్టుకుని కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఇంటికి పోయి సువార్తకు అంతా చెప్పాడు. "కుడికాలి చెప్పే అరుగుతుందని నాకెప్పుడో తెలుసు," అంది ఆమె. "నువ్వే చెప్తవని చూస్తున్న. మీ నాయన లెక్క పడితె నేనేం గావాలె అనుకున్నవయ్యా?" తిట్టింది, తిడుతూనే వేణ్నీళ్లల్లో ఉప్పు వేసి అతని కాళ్ల దగ్గర పెట్టింది.

విషయం చెబితే దేవిదాస్ ఇబ్బంది పెట్టలేదు. వైర్‌లెస్ సెట్టూ సగం తూటాలూ ఎడమకు మార్చుకొమ్మన్నాడు, బెల్టు ఒక రంధ్రం వదులు చేసుకొమ్మన్నాడు. "ఎస్పీ సార్ వచ్చిన నాడు మాత్రం రూల్ ప్రకారమే," అని, "నోరు వాసన చూసిన గా దినం. మనసుల పెట్టుకోకు," అన్నాడు.

"పెట్టుకోను సార్."

పెట్టుకున్నాడు, కొన్నాళ్లు. మడమ పోటు కూడా ఒక్కసారిగా పోలేదు. కానీ వానలు పడేసరికి తొడకు స్పర్శ తిరిగొచ్చింది. ఒక పొద్దున లుంగీ కట్టుకుంటూ గిల్లుకుని "అబ్బా!" అన్నాడు. వంటింట్లోంచి సువార్త పరుగెత్తుకొచ్చింది.

"నొస్తుందే!" అన్నాడు ఏసయ్య, పండగ కబురు చెప్పినట్టు.