పసుపు చేతి కొలత

పోశం కడుపులో మాట దాగదు. అది అతని తప్పు కాదు, చేసే పని అలాంటిది. గోదావరిఖని బొగ్గుబాయిలో అతను షాట్ ఫైరర్. బొగ్గు గోడకు తూట్లు వేయించి, మందు కూరించి, అందరినీ మలుపు అవతలికి పంపి, "ఫైర్!" అని గొంతు చించుకుని అరిచి పేల్చే మనిషి. ముప్పై ఏళ్లు పేల్చాక చెవులు కాస్త మందగించాయి, గొంతు మాత్రం ఆ కేక దగ్గరే ఆగిపోయింది. అతను భార్య యమునతో గుసగుసలాడితే పక్క క్వార్టరు వాళ్లు జవాబు చెబుతారు.

అలాంటివాడు ఈ ఎండాకాలం ఒక రహస్యం పెట్టుకున్నాడు. కూతురు సహస్రకు పుట్టినరోజుకి పిస్తోలు కొనివ్వాలని.

మనుషుల మీద పేల్చేది కాదు. గాలితో నడిచేది, లైసెన్సు అక్కర లేనిది, పది మీటర్ల దూరంలో కాగితం మీది నల్లచుక్కను కొట్టేది. సహస్ర ఒక ప్రైవేటు దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్. రెండేళ్లుగా డ్యూటీ దిగగానే స్టేడియం పక్క షెడ్డులో ఉన్న షూటింగ్ రేంజికి వెళ్లి ప్రాక్టీసు చేస్తోంది. అక్కడున్న ఒక్క క్లబ్బు పిస్తోలు కోసం నలుగురు వంతులు వేసుకోవాలి. వచ్చే నెల జిల్లా సెలక్షన్లు. పిల్ల తన వంతు కోసం బెంచీ మీద కూర్చుని చీకటి పడేదాకా ఎదురు చూస్తోందని యమున చెప్పినప్పటి నుంచి పోశానికి అన్నం సయించలేదు.

"బిడ్డకు తెల్వద్దు," అని అతను యమున చెవిలో చెప్పాడు.

తెల్లారేసరికి క్వార్టర్ల లైనంతా పాకింది, పోశం పిస్తోలు కొంటుండట అని. ఎందుకు, ఎలాంటిది అనే సగం మాత్రం దారిలోనే రాలిపోయింది. ఎన్నేళ్లుగానో పోశం గేటుకు అడ్డంగా బండి పెట్టే వీరేందర్ ఆ రోజు పొద్దున్నే దాన్ని తీసి, తుడిచి, తన గోడ పక్కన పెట్టుకున్నాడు. టీ కొట్టు దగ్గర కుర్రాళ్లు లేచి బెంచీ ఇచ్చారు. పోశానికి సంగతి అర్థమైంది. కానీ టీ బాగుంది, బెంచీ ఖాళీగా ఉంది, ఎవరికీ ఏమీ విడమరిచి చెప్పలేదు.

అతని ఫికర్ అంతా వేరే. కూతురికి కొన్నది ఏదీ ఇంతవరకు సరిపోలేదు. పెరిగే పిల్ల కదా అని ప్రతిదీ ఒక సైజు పెద్దది తెచ్చేవాడు. మూడో తరగతిలో తెచ్చిన బూట్లు ఐదో తరగతిలో పట్టాయి. సైకిలు సీటు మీద కూర్చుంటే పెడలు అందేది కాదు. పండక్కి తెచ్చిన గౌనులో ఇద్దరు సహస్రలు పట్టేవారు. పిల్ల మాత్రం ఒక్కసారీ వద్దనలేదు. బూట్ల ముందు దూది కుక్కుకుని బడికి పోయేది, "మంచిగున్నయి బాపూ" అనేది. వచ్చే ఏడాది పోశం రిటైరవుతాడు. ఈ ఒక్కటైనా బిడ్డ చేతికి అచ్చంగా కుదరాలని అతని కోరిక.

హైదరాబాదు దుకాణానికి ఫోన్ చేస్తే యజమాని రఘుపతి, "చేతి కొలత కావాలి. పిడి సైజుల్లో వస్తుంది, అరచేతికి అతుక్కుపోవాలి," అన్నాడు.

చెయ్యి చూపించమంటే రహస్యం బయటపడుతుంది. రెండు రోజులు తల పట్టుకున్నాక పోశం కళ్లు గోడ మీద పడ్డాయి. సహస్ర మొదటి జీతం బయానా కట్టి స్కూటీ కొన్నప్పుడు, పూజ చేసి, నాయినమ్మ సారవ్వ మనవరాలి అరచేతికి పసుపు పూసి గడప పక్క గోడకు ముద్ర వేయించింది. సున్నం వేసేవాళ్లు వచ్చినప్పుడు పోశం పక్కనే నిలబడి ఆ ముద్రను తప్పించి వేయించాడు. ఇప్పుడు దాని మీద పలచటి కాగితం పెట్టి, పెన్సిల్‌తో చుట్టూ గీశాడు. వేళ్ల చుట్టూ కొంచెం ఎక్కువే గీశాడు. పాత అలవాటు.

ఆ కాగితం మడిచి హైదరాబాదు పోయాడు. దుకాణంలో అతను పిస్తోళ్లను చూసిన తీరుకి రఘుపతి ఖంగు తిన్నాడు. బాయిలో పైకప్పును కర్రతో కొట్టి, సప్పుడును బట్టి గట్టిదో బోలుదో తేల్చుకోవడం పోశానికి అలవాటు. పుచ్చకాయలనూ తలుపులనూ అలాగే ఎంచుతాడు. విదేశం నుంచి వచ్చిన పిస్తోలును కూడా చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో టకటకా కొట్టాడు.

"అన్నా, అది కొబ్బరికాయ కాదు," అన్నాడు రఘుపతి, మెల్లగా దాన్ని వెనక్కి తీసుకుంటూ. లోపలి గదిలో ఒకసారి పేల్చి చూపించాడు. టప్ మంది.

"గింతేనా?" పోశం ముఖం చిన్నబోయింది.

"గింతే అన్నా. చుక్క మీద పడాలె గని సప్పుడుతోని ఏం పని?" అని రఘుపతి కాగితం విప్పాడు. "మీ పాప కుడిచేత్తో కొడుతుందా, ఎడమచేత్తోనా? ఒకసారి తనను తీసుకొస్తే మంచిది."

పోశం నవ్వాడు. "మా ఇంట్ల అందరం అన్నం తినేటోళ్లం సార్. కుడిచెయ్యే!"

పుట్టినరోజు పొద్దున పెట్టె తెరిచిన సహస్ర పిడిని ఒకసారి వేలితో తడిమింది. తర్వాత పోశం మెడ చుట్టూ చేతులు వేసి, చిన్నప్పటిలా ఊగింది. పిస్తోలు తీసి కుడిచేత్తో పట్టుకుంది.

"కుదిరిందా బిడ్డా?"

"మంచిగుంది బాపూ."

ఆ మాటకు పోశం ఛాతీ పొంగింది. ఆ సాయంత్రం, రెండేళ్లలో మొదటిసారి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని రేంజికి బయల్దేరాడు. ఎప్పుడూ షిఫ్టు అడ్డొచ్చి అతను కూతురు కొట్టడం చూడనే లేదు. సహస్ర గురిపెట్టగానే అలవాటు కొద్దీ స్తంభం చాటుకు జరిగి చెవులు మూసుకున్నాడు. పక్కన నిలబడ్డవాళ్లు నవ్వాపుకోలేకపోయారు.

టప్. మళ్లీ టప్. కాగితం చూస్తే నల్లచుక్క భద్రంగా ఉంది. తూట్లన్నీ చుట్టుపక్కల తెల్లటి చోట చెల్లాచెదురుగా పడ్డాయి.

కోచ్ సంపత్ విసవిసా వచ్చాడు. "గిదేంది సహస్రా? ఎడమ చెయ్యికి దెబ్బ తాకిందా?"

"లేదు సార్."

"ఎడమ చెయ్యేంది సార్?" పోశం స్తంభం చాటు నుంచి వచ్చాడు.

"మీ బిడ్డ ఎడమచేత్తోనే కొడ్తది గదనే. క్లబ్బు పిస్తోలుది సాదా పిడి, ఏ చెయ్యికైనా నడుస్తది. గీ కొత్తది కుడిచేతికి చెక్కిన పిడి. ఎడమచేత్తో పట్టుకోవస్తదా?"

పోశం కూతురి వైపు చూశాడు. ఆమె పిస్తోలు బల్ల మీద పెట్టి నేల చూపులు చూస్తోంది. అప్పుడతనికి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. చింతకాయల మీదికి రాయి విసిరిన చెయ్యి ఎడమదే. గాలిపటం దారం చుట్టిన చెయ్యీ ఎడమదే. ఎడమచెయ్యి కంచంలో పెట్టినప్పుడల్లా సారవ్వ తెడ్డుతో ఒక్కటి వేసేది, పిల్ల గబుక్కున చెయ్యి మార్చుకునేది. ఎదురుగా కూర్చుని తాను అన్నం తింటూనే ఉన్నాడు. అతనికి సిగ్గేసింది. బూట్లలో దూది కుక్కుకున్న పిల్ల, పాతికేళ్లకు దగ్గరపడ్డా ఇంకా కుక్కుకుంటూనే ఉంది.

"ఎందుకు చెప్పలే బిడ్డా?" అన్నాడు. ఆ మాట మాత్రం నిజంగానే గుసగుసగా వచ్చింది.

"నువ్వు గోడకు కాయితం పెట్టి గీస్తుంటె కిటికీలకెళ్లి చూసిన బాపూ," అంది సహస్ర. "నాలుక బయటపెట్టి మరీ గీస్తున్నవు. గంత సంబురంగ గీస్తుంటె ఎట్ల చెప్పాలె? కుడిచేత్తో నేర్సుకుందామనుకున్న."

"వచ్చే నెల సెలక్షన్లు పెట్టుకొని నేర్సుకుంటవా? గీసారి దూది వద్దు. జల్ది ఇంటికి పోదాం పా."

రఘుపతికి అక్కడి నుంచే ఫోన్ చేశారు. పిడి ఒక్కటి మారిస్తే చాలు, ఎడమచేతి కొలత పంపండి అన్నాడు. కుడిచెయ్యా ఎడమచెయ్యా అని ఆ రోజే అడిగాను కదా అని మాత్రం అనలేదు, మంచివాడు. కొలత రేంజిలోనే ఒక కాగితం మీద గీసుకోవచ్చని సంపత్ అన్నా పోశం వినలేదు.

ఇంటికి రాగానే పసుపు కలపమన్నాడు. యమున గిన్నె తెచ్చింది. సారవ్వ మంచం మీద నుంచి లేచింది.

"ఎడమ చెయ్యా? గడప కాడనా?"

"అవునవ్వా. గా చెయ్యే మన బిడ్డది," అన్నాడు పోశం. లైనులో నాలుగు తలుపులు తెరుచుకున్నాయి. వీరేందర్ బయటికొచ్చి నిలబడ్డాడు.

సారవ్వ యమున చేతిలోని గిన్నె లాక్కుని, మనవరాలి ఎడమచెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది. తెడ్డు పడ్డ ఆ కణుపుల మీద ఆమె వేళ్లు కొంచెంసేపు ఆగాయి. వేళ్ల సందుల్లోకి కూడా పోయేలా, వదలకుండా పసుపు పూసింది.

సహస్ర పాత ముద్ర పక్కనే చెయ్యి ఆనించి, గట్టిగా నొక్కి తీసింది. రెండు చేతులూ గోడ మీద పక్కపక్కన నిలిచాయి. పోశం కళ్లు తుడుచుకుని, కాగితం పెట్టి, పెన్సిల్ పట్టుకుని, నాలుక బయటపెట్టి గీయడం మొదలుపెట్టాడు.

వెనక నుంచి సహస్ర అతని భుజం మీద గడ్డం ఆనించింది.

"బాపూ, పెద్దగ గియ్యకు. నేనింక పెరుగ."