నంబరు లేదన్న రోజు

పలాసలో రైలు దిగగానే జీడిపిక్కలు కాలుస్తున్న పొగ ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది. ప్లాట్‌ఫారం మీద అందరూ ఫోన్లలోకి తలలు వంచుకుని నడుస్తుంటారు, నేనూ అంతే, కానీ ఆ ఘాటు ముక్కుకి తగిలిందంటే మా ఉద్దానం ఊళ్ళో గడిచిన ఒక మే నెల వచ్చి ఎదురుగా నిలబడుతుంది. వద్దన్నా వస్తుంది.

మే నెలంటే జీడిమామిడి పళ్ళ మరకలు పడ్డ గౌన్లు, పెరట్లో కోసిన పనసపండు మీద ముసిరే ఈగలు, కొబ్బరితోట నీడలో గుంట తవ్వి ఆడుకునే జీడిపిక్కలాట, ఉప్పుగాలికి జిడ్డోడే జుట్టు, వీటన్నిటి మధ్య ఒకరోజు పదో తరగతి రిజల్ట్సు. పొద్దున్నే మొదటి బస్సులో పేపరు దిగేది. టీ బడ్డీ దగ్గర ఊరంతా మూగితే, మా నాన్న చెవిలో దోపుకున్న పెన్సిలు తీసి, బారులు తీరిన నంబర్ల వెంట మెల్లగా దించుకుంటూ చదివేవాడు. పేపర్లో పాసైనవాళ్ళ నంబర్లే వేసేవారు. నంబరు లేదంటే తప్పినట్టే, అందులో ఎవరికీ అనుమానం ఉండేది కాదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మా జయక్క పది రాసిన ఏడాదే, పలాసలో ఇంటర్నెట్ సెంటర్ పెట్టారు. పేపరు కంటే ఒకరోజు ముందే అందులో రిజల్ట్సు తెలుస్తాయని ఎవరో అనేసరికి నాన్న ఆగలేకపోయాడు. పాసైతే టెక్కలిలో ఇంటర్ చేర్పిస్తానని, తప్పితే మర్నాడే జీడి ఫ్యాక్టరీకి పంపేస్తానని ఆయన ముందే తేల్చి చెప్పాడు. హాల్‌టికెట్ నంబరు చీటీ మీద రాయించుకుని వెళ్ళాడు. చెప్పులు బయట విప్పించారట, లోపల గుడిలో లాగా చల్లగా ఉందట, నంబరు కొడితే తెర మీద ఏవో ఇంగ్లీషు ముక్కలు వచ్చాయట, సెంటర్ నడిపే ఆయన "రాలేదండీ" అన్నాడట. వివరాలు ఇంకా అందులోకి ఎక్కలేదని దాని అర్థమని మాకు చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు. నాన్నకి తెలిసింది పేపరు పద్ధతి ఒక్కటే.

ఇంటికొచ్చి అరుగు మీద కూలబడి, "నంబరు నేదు" అన్నాడు.

"నాను బాగా రాసేను నాన్నా. ఒక్క లెక్క కూడా ఒగ్గనేదు," అంది జయక్క.

"కంప్యూటరే సెప్పేసినాక నీ మాటేటి?"

సాయంత్రం లోపల అక్క ఆ మాటే నాలుగైదుసార్లు చెప్పింది, ప్రతిసారీ ఇంకాస్త నెమ్మదిగా. అమ్మ నమ్మలేదు. నేనూ నమ్మలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఫెయిలైనా బింకం పోలేదని వెక్కిరించాను కూడా.

మర్నాడు పేపరు రాకముందే అక్క, పలాస ఫ్యాక్టరీలో పనిచేసే మా పిన్నితో కలిసి ఆటోలో వెళ్ళిపోయింది. పేపర్లో ఆమె నంబరు ఉంది, అదీ ఫస్టు క్లాసు వరసలో. నాన్న బస్సు కోసం కూడా ఆగకుండా నన్ను వెనక ఎక్కించుకుని పలాస దాకా సైకిలు తొక్కాడు. షెడ్డులో ఆడవాళ్ళ మధ్య కూర్చుని పిక్కలు కొడుతున్న అక్క అరచేతులు అప్పటికే జీడిరసానికి నల్లబడ్డాయి.

"లెగమ్మా, పాసైపోనావు. పేపర్లో ఉంది," అన్నాడు నాన్న వగరుస్తూ.

"నిన్న నాను సెప్పేను కదా," అంది అక్క.

టెక్కలిలో చదివింది, టీచరైంది. కానీ ఆ రోజు నుంచి నాన్నకి ఏదీ నోటితో చెప్పలేదు. ఏమడిగినా కాగితం తెచ్చి ముందు పెట్టేది, మార్కుల లిస్టో, ఉద్యోగం ఆర్డరో. నోటితో చెప్పమ్మా అని ఆయన ఎన్నిసార్లు బతిమాలాడో. అందులో ఉంది కదా అనేది.

టీ బడ్డీ పోయింది, నంబర్ల పేపరు పోయింది, జీడిపిక్కలాట ఇప్పటి పిల్లలకి తెలియనే తెలియదు. పోతే పోయాయి, వాటి కోసం ఏడ్చే ఓపిక నాకు లేదు. ఎదురుగా ఉన్న మనిషి మాట వినే అలవాటు పోవడమే ప్రాణం విసిగిస్తోంది. అది ముందు మా ఇంట్లోంచే పోయింది మరి.

నాన్న ఇప్పుడు అక్క ఇంట్లోనే ఉంటున్నాడు. మా వైపు అందరి భయమూ కిడ్నీ జబ్బే కాబట్టి నెలనెలా రక్తపరీక్ష. ఈసారి నేను వెళ్ళిన రోజే రిపోర్టు నా ఫోనుకి వచ్చింది, అంతా నార్మల్ అని చదివి వినిపించాను. కాళ్ళు వాచిపోతున్నాయన్నాడు నాన్న. రిపోర్టు బాగుందన్నాను. మళ్ళీ అన్నాడు. ఫోను ఆయన కళ్ళ ముందు పెట్టాను. మూడోసారి చెప్పబోయి, పంచె లాగి పాదాలు కప్పుకున్నాడు.

జయక్క వచ్చి నేల మీద కూర్చుని ఆయన పాదం ఒళ్ళోకి తీసుకుంది.

"ఎన్నాళ్ళ నుంచి నాన్నా? నువ్వు సెప్పు, నాను ఇంటాను."

నాన్న ఏడుస్తూ చెప్పడం మొదలుపెట్టాడు. అక్కడ కూర్చోవడానికి నాకు సిగ్గేసింది.