మేస్త్రీ మనవడికి చూపించిన సినిమా

నా చిన్నప్పుడు గోదావరిఖని చౌరస్తా నుంచి ఇంటికి నడిచి వస్తుంటే నాయనమ్మ ఒక మేడ ముందు ఆగేది. తుపుక్కున ఉమ్మి, కొంగుతో మూతి తుడుచుకొని మళ్లీ నడిచేది. తెల్లదొరల హయాంలో దూరంగా ఉన్న పాత గనులకు పల్లెల నుంచి జనాన్ని తోలుకుపోయిన ఒక కూలీల మేస్త్రీ కుటుంబం ఆ మేడలో ఉండేది. ఇక్కడ కొత్త బాయిలు, అంటే బొగ్గు గనులు, తెరిచినప్పుడు మావాళ్లూ వలస వచ్చారు, వాళ్లూ వచ్చారు. మేం కంపెనీ క్వార్టర్‌లో చేరాం, వాళ్లు మేడ కట్టారు.

ఆ పాత గనుల్లో అప్పట్లో ఆడవాళ్లు కూడా బాయి దిగి బొగ్గు తట్టలు మోసేవారు. నాయనమ్మ పచ్చి బాలింతగా ఉండగానే మేస్త్రీ ఆమెను పనికి దింపాడు. బిడ్డ ఏడిస్తే తల్లి పని వదిలి పైకి వస్తుందని, గని ముందర పడుకోబెట్టిన పసిపిల్లకు నల్లమందు పెట్టాడు. ఆ పిల్ల మళ్లీ లేవలేదు. బతికుంటే మా నాన్నకు అక్క అయ్యేది. మా ఇంట్లో అందరికీ తెలిసిన ఈ మాట గడప దాటి బయటికి పోలేదు.

నేను కాలేజీ పిల్లలకు చిన్న చిన్న డాక్యుమెంటరీలు తీయడం నేర్పుతాను. అన్నీ సెల్‌ఫోన్‌లతోనే. ఎవరి తాత ఏ ఊరి నుంచి వచ్చాడు, ఎందుకు వచ్చాడు, దొరల కాలం గురించి ఇళ్లలో ఏం చెప్పుకుంటారు, ఇవే మా సినిమాలు. పోయిన ఏడాది మేస్త్రీ మనవడు నన్ను మేడకు పిలిపించాడు. తాతకు విగ్రహం పెట్టిస్తున్నాడట.

"మా తాత లేకుంటే గీ ఊర్ల సగం మంది పల్లెలల్లనే ఉపాసం ఉంటుండె అక్కా. మీ పిల్లలతోని ఒక చిన్న సిన్మ తీయించు. విగ్రహం నాడు మస్తు మంది వస్తరు, చూపిద్దాం," అన్నాడు.

నేను ఎవరి మనవరాలినో అతను అడగలేదు. వాళ్లు ఇచ్చిన టీ తాగి, తీస్తానన్నాను. మెట్లు దిగుతుంటే నవ్వొచ్చింది. ఇన్నేళ్లకు వాళ్లంతట వాళ్లే పిలిచి నా చేతికి చిక్కారని.

నాయనమ్మ పోయి చాలా కాలమైంది. ఆమె చెల్లెలు మాత్రం సెంటినరీ కాలనీలో తన మనవడి క్వార్టర్‌లో ఉంది. అక్క బాయి దిగినప్పుడు పసిబిడ్డ పక్కన కాపలా కూర్చున్నది ఆ అవ్వే. అప్పటికి ఆమె చిన్నపిల్ల. మా విద్యార్థులను వెంటబెట్టుకొని వెళ్లాను. కమాన్‌పూర్ నుంచి వచ్చే డిగ్రీ అమ్మాయి ఫోన్ పట్టుకుంది.

అవ్వ మంచం మీద కూర్చొని మెల్లగా మొదలుపెట్టింది.

"మేస్త్రీ ఒచ్చి ఏలుతోని దాని నోట్ల పెట్టిండు. ఏంది కాకా అంటే తేనె అన్నడు. నాకు గూడ ఇంత పెట్టుమన్న బిడ్డా. నవ్విండు. పొద్దు గూకినంక అక్క పైకొచ్చి పాలిద్దామని ఎత్తుకుంటే, మెడ వాలిపోయింది."

ఆ అమ్మాయి ఫోన్ దించకుండానే ఏడ్చింది.

ఎడిటింగ్ చేసేటప్పుడు నన్ను అడిగింది, "అక్కా, తప్పు తాతది. మనుమడేం చేసిండు?"

"విగ్రహం పెట్టిస్తున్నడు."

"మరి ముందుగాల ఆయనకొక్కనికే చూపిద్దామా?"

"వద్దు. అందరి నడుమ కూసోని చూడాలె."

నాకు జాలి కలగలేదు. అతను కూర్చునే కుర్చీ ఎక్కడ వేస్తారో కనుక్కొని, అతని ముఖం కనబడేలా ఇంకో ఫోన్ పెట్టించాను.

ఫంక్షన్ హాల్ నిండిపోయింది. తాత పాత ఫొటోతో సినిమా మొదలుకాగానే అందరూ చప్పట్లు కొట్టారు. అతనూ కొట్టాడు. తర్వాత అవ్వ గొంతు వినిపించింది. నేను తెర వైపు చూడలేదు, గోడకు ఆనుకొని అతన్నే చూశాను. తేనె అన్న మాట దగ్గర అతని ముఖంలో నవ్వు పోయింది. మెడ వాలిపోయిందన్న దగ్గర లేచి నిలబడ్డాడు.

"బంద్ చెయ్యుండ్రి," అన్నాడు.

కమాన్‌పూర్ అమ్మాయి లాప్‌టాప్‌కు అడ్డంగా నిలబడింది. వెనక వరుసలో ఎవరో ముసలామె లేచి, "ఆపకు బిడ్డా. మా అమ్మ గూడ గీ ముచ్చటే చెప్తుండె," అంది. హాల్లో ఎవరూ కదల్లేదు. అతను పక్క తలుపు గుండా వెళ్లిపోయాడు. విగ్రహానికి ఆ రోజు ముసుగు తీయలేదు. తర్వాత దాన్ని ఎవరో ఆటోట్రాలీలో వేసుకుపోయారు. నేను ఆ రాత్రి కడుపు నిండా తిని హాయిగా నిద్రపోయాను.

కొన్నాళ్లకు అతను పండ్ల సంచి పట్టుకొని అవ్వ దగ్గరికి వచ్చాడు. అప్పుడు నేనూ అక్కడే ఉన్నాను.

"అవ్వా, నాకు ఎరుకలేదు. మా ఇంట్ల ఎవలు చెప్పలే. ఆ సిన్మ ఇగ ఏడ ఎయ్యొద్దని చెప్పు. నా పిల్లలు బడిల తలెత్తుకోలేకపోతున్నరు," అన్నాడు.

అవ్వ అతన్ని కూర్చోమనలేదు. మంచినీళ్లు తెమ్మని లోపలికి కేక వేయలేదు. వాకిట్లో ఎండలో అలాగే నిలబెట్టింది.

"నీ పిల్లలు పానంతోని ఉన్నరు గద," అంది.

అతను సంచి పట్టుకొని తిరిగి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత కమాన్‌పూర్‌లో సినిమా వేశాం. హాల్లో తీసిన అతని ముఖాన్ని చివర్లో కలిపాను. అమ్మాయి వద్దంది, నేను వినలేదు. ఆ సంగతి మేం వెళ్లే చర్చి పాస్టరుగారి దాకా వెళ్లింది.

"పిల్లలకు పగ నేర్పుతున్నవామ్మా?" అని అడిగారు.

"నేర్పుతున్న అయ్యగారు," అన్నాను.

ప్రార్థన చేద్దామన్నారు. కళ్లు మూసుకున్నాను. క్షమించే మనసు ఇమ్మని ఆయన అడుగుతుంటే విన్నాను. ఆమెన్ మాత్రం అనలేదు.