రంగు కోసం ఒక గరిటె

ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంటావిడని అందరూ పెద్దక్క అంటారు. ఆవిడకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా అలాగే పిలుస్తారు, ఎందుకంటే గరిటె ఆవిడ చేతిలో ఉంది. నిజానికి ఆవిడ అక్క అయింది ఒక్కడికే, ప్యాకింగ్ మెషీన్ మీద పనిచేసే తమ్ముడికి. తల్లి పోయేనాటికి వాడికి పాలపళ్ళు కూడా ఊడలేదు. అప్పట్నుంచీ వాడి కడుపు ఆవిడ పూచీ. పెళ్ళయి వాడికంటూ ఒక ఇల్లు ఏర్పడ్డా, మధ్యాహ్నం భోజనం మాత్రం అక్క చేతి మీదుగానే.

అలాంటి తమ్ముడు ఒకరోజు మెషీన్ పక్కనే ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. నలభై కూడా నిండని మనిషి. గుండె రక్తనాళంలో స్టెంట్ వేసి పంపారు. కొన్నాళ్ళకి వాడు పనిలో చేరి, ఏమీ జరగనట్టు ఈల వేసుకుంటూ తిరుగుతున్నాడు. నిద్ర కరువైంది అక్కకి. పొయ్యికీ కిటికీకీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరగడమే ఆవిడ పని. అవతల షెడ్డులో మెషీన్ చప్పుడు కాస్త ఆగితే చాలు, ఇక్కడ గరిటె ఆగిపోతుంది. "టేపు అయిపోయింది మెషీన్‌కి, నాక్కాదు" అని వాడు కిటికీ దగ్గరికొచ్చి చెప్పేదాకా కుదురు ఉండదు.

ఆ కుదురు లేకపోవడం వల్లే, వాడు డ్యూటీలో ఉండగా, ఒక్కతే ఆసుపత్రికి వెళ్ళింది. ఎవరేం తినాలో చెప్పే డైటీషియన్ అమ్మాయి ముందు కూర్చుని, తమ్ముడికి ఏం పెట్టాలో మళ్ళీ మొదట్నుంచీ చెప్పమంది. ఆ అమ్మాయి విసుక్కోకుండా చెప్పింది. వెన్న, వనస్పతి లాంటి గడ్డకట్టే కొవ్వులు తగ్గించి, వాటి బదులు పొద్దుతిరుగుడు, సోయా నూనెలు వాడాలి. చేప పెట్టాలి. వాల్‌నట్లు, అవిసె గింజలు మంచివి. వీటిలో ఉండే కొవ్వుకి పాలీ అన్‌శాచురేటెడ్ అని ఓ చాంతాడంత పేరుంది. చెడ్డ కొలెస్ట్రాల్ తగ్గడానికి అది పనికొస్తుంది.

పెద్దక్క మొహం విప్పారింది. "అన్నీ చేస్తున్నానమ్మా. సూపర్‌వైజర్‌తో పోట్లాడి వనస్పతి మాన్పించాను. ఇప్పుడంతా పొద్దుతిరుగుడు నూనే. వాడికి చేప కూడా దాంట్లోనే వేయిస్తాను. ఎంత మంచిదైనా కొత్త నూనె రంగు పట్టించదు కదా, అందుకని నిన్న బాణలిలో మిగిలింది ఒక గరిటె కలుపుతాను. ఏ నూనె అయినా నా పద్ధతి ఇదే."

వేపుళ్ళ పనిలో ముదిరినవాళ్ళకి అది వెన్నతో పెట్టిన విద్య. కొత్త నూనెలో ముక్క ఎంత వేగినా పాలిపోయి ఉంటుంది. పాతది కాస్త పడిందా, ఎర్రగా నిగనిగలాడుతుంది. అలా నిన్నటిది ఇవాళ్టికి, ఇవాళ్టిది రేపటికి. పెద్దక్క బాణలి పూర్తిగా ఖాళీ కావడం ఎవరూ ఎరగరు.

ఆ అమ్మాయి రాయడం ఆపేసింది. "నిన్నటిదాంట్లో మొన్నటిది కూడా ఉంటుందా అండీ?"

"ఉంటుంది. రంగంతా దానిదే."

"ఈ నూనెల్లో ఉండే మంచి కొవ్వు చాలా సున్నితమండీ. కాగిందే మళ్ళీ మళ్ళీ కాస్తే చెడిపోతుంది, గుండెకి చేటు చేసేవి తయారవుతాయి. ఆ పాతది కలిపితే కొత్తది కూడా తొందరగా పాడవుతుంది."

పెద్దక్క కుర్చీలోంచి లేచింది. "అయితే వాడికి అలా అయింది నా వల్లేనా?"

"ఫలానా దాని వల్లే అని ఎవరూ చెప్పలేరండీ. ఇకమీదట మానేయండి."

ఆ మాటలో మొదటి సగం ఆవిడ చెవికెక్కనే లేదు. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వచ్చింది. చెబితే వాడు మళ్ళీ తన చేతిది ముట్టుకుంటాడా? చెప్పకుండా రేపు వాడి మొహం ఎలా చూడడం? ఇంట్లో తోమిన గిన్నెలే మళ్ళీ తోమింది.

మర్నాడు పొద్దున్నే బాణలి ఖాళీ చేసి, రుద్ది కడిగి, కొత్త నూనె పోసింది. చేపముక్కలు వేగాయి గానీ రంగు రాలేదు. భోజనాల వేళకి వరసలో గొణుగుడు మొదలైంది.

"పెద్దక్కా, చేపకి జ్వరమొచ్చిందా?"

సూపర్‌వైజర్ వచ్చి ఒక ముక్క పైకెత్తి చూశాడు. "ఏంటమ్మా ఇది? రేపు ఎప్పట్లా చెయ్యి."

"ఎప్పట్లా కావాలంటే వేరే మనిషిని చూసుకోండి" అంది. ఆయనతో ఆవిడ అంత మాట అనడం అదే మొదలు.

ఇంతలో తమ్ముడు పళ్ళెం చాచాడు. పెద్దక్క చెయ్యి లేవలేదు. దాచుకోవడం ఆవిడ వల్ల కాలేదు.

"ఒరేయ్, ఇన్నాళ్ళూ నీకు చెడిపోయిన నూనెలో వండి పెట్టాన్రా. రంగు కోసం పాతది కలిపి కలిపి, నీ గుండె నేనే పాడుచేశాను. ఇక నా చేతిది తినకపోయినా నేనేమీ అనుకోను."

వాడు నవ్వబోయి ఆగాడు. పళ్ళెం బల్ల మీద పెట్టి, చొక్కా జేబులోంచి సిగరెట్ పెట్టె తీసి దాని పక్కన పెట్టాడు. "ఆసుపత్రిలో నీమీద ఒట్టేశాను కదక్కా, మానేశానని. మానలేదు. రోజూ వెనక గేటు దగ్గర తాగుతూనే ఉన్నాను."

ఆవిడకి ఊరట కలగాలి. కలగకపోగా ఒళ్ళు మండిపోయింది. "నేనిక్కడ మెషీన్ చప్పుడు వింటూ చస్తుంటే, నువ్వక్కడ..." పెట్టె లాక్కుని అంట్లు నానేసిన నీళ్ళలో పడేసింది. ఏడుస్తూనే వాడి పళ్ళెంలో చేపముక్కలు వడ్డించింది. ఒకటి జారి బల్ల మీద పడింది. వాడు దాన్నే తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు.

"రేపట్నుంచి ఆ గేటు దగ్గర నేనుంటాను" అంది, ముక్కు చీదుకుంటూ.

వాడు తలెత్తలేదు. తింటూనే, "త్వరగా రా. మొదటిది షిఫ్టుకి ముందే తాగుతాను" అన్నాడు.