పళ్ళక్క చెవులు

ఆమెను అందరూ పళ్ళక్క అనేవారు. పళ్ళు ఎత్తుగా ఉండి కాదు, కట్టుడు పళ్ళు తయారుచేసే పని ఆమెది. పళ్ళ డాక్టరు పంపిన అచ్చు చూసుకుంటూ మైనంతో చిగుళ్ళు దిద్ది, ఒక్కొక్క పన్నూ కూర్చి, చివరకు గిర్రున తిరిగే చక్రం మీద అరగదీసి నునుపు చేసేది. మొహాలు చూడకుండానే ఎంతమంది నవ్వులు ఆమె చేతుల మీదుగా వెళ్ళాయో. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "ఊళ్ళోవాళ్ళ పళ్ళన్నీ రోజూ చూస్తూనే ఉన్నా, ఇంటికెళ్ళాక కూడా ఇంకొకడి పళ్ళు చూడాలా?" అని నవ్వేసేది.

వారమంతా ఆమె ఆదివారం మధ్యాహ్నం కోసం ఎదురుచూసేది. ఆ పూట అక్కావాళ్ళింటి ముందుగదిలో బావ రికార్డు ప్లేయరు మూత తీసేవాడు. బావ బస్సు డ్రైవరుగా చేసి రిటైరైనవాడు. వయసులో ఉండగా పాత సామాన్ల కొట్లో కొన్న రికార్డుల కట్టలో అమెరికావాళ్ళ జాజ్ సంగీతం రికార్డు ఒకటి పొరపాటున వచ్చిందట. అది విన్నాక ఆయనకు మరే సంగీతమూ రుచించలేదు. అక్కను చూడ్డానికి వచ్చిన మరదలు ఆ రికార్డులో మోగే సాక్సోఫోన్ విని చెప్పులు విప్పడం కూడా మరిచిపోయి గుమ్మంలోనే నిలబడిపోయింది. అలా ఆ పిచ్చి ఆమెకూ అంటుకుంది. తరవాత కొన్నేళ్ళకు వీధి చివర గడియారాలు బాగుచేసే అతను కూడా వీళ్ళతో చేరాడు.

ఆ రికార్డుల్లో వాయించేవాళ్ళ అసలు పేర్లు వాళ్ళ నాలుకలకు తిరిగేవి కావు. అందుకని తమకు తోచిన పేర్లు పెట్టుకున్నారు. బావ ఇష్టపడేది ఊపిరాయన్ని. ఆయన వాయిస్తే స్వరం కంటే ముందు గాలి వినబడేది, కడుపునిండా తిన్న పెద్దమనిషి తీరిగ్గా కబుర్లు చెబుతున్నట్టుండేది. పళ్ళక్క ప్రాణం గాజాయన మీద. ఆయన నాదంలో వణుకు ఉండదు, గాలి ఉండదు, తళతళా తుడిచిన అద్దంలా నిలబడుతుంది. గడియారాల అతను ఏ రికార్డు పెడితే ఆ పక్షం.

"మీ గాజాయన వాయిస్తుంటే నాకు చలేస్తుంది మరదలా. మనిషన్నాక కాస్త ఊపిరి వినబడాలి కదా!" అనేవాడు బావ.

"ఊపిరి వినాలంటే రికార్డెందుకు? నువ్వు నిద్రపోతుంటే అక్క రోజూ వింటూనే ఉందిగా!"

వంటింట్లోంచి అక్క, "అది ఊపిరి కాదే, మీ బావ బస్సు ఇంకా ఆపలేదు," అనేది.

పళ్ళక్క వాదనల్లో అన్నిటికంటే పేరు మోసింది పళ్ళ వాదన. "ఈ రికార్డుకీ, దీని తరవాతిదానికీ మధ్య ఊపిరాయన పై పళ్ళు ఊడాయి బావా. సాక్సోఫోన్ మూతి మీద పై పళ్ళు ఆనించి పట్టుకోవాలి. కట్టుడు పళ్ళైతే ఆ అదురు ఎముకలోకి దిగదు. అందుకే చివరి రికార్డుల్లో ఆ గుండ్రదనం లేదు."

"ఆఖరికి ఆయన నోట్లోనూ వేళ్ళు పెట్టావా!" అని బావ నెత్తి కొట్టుకునేవాడు.

గాజాయన రికార్డుల్లో ఆమెకు ఒకటి మరీ ఇష్టం. నెమ్మదైన పాట. రెండోసారి పల్లవికి వచ్చినప్పుడు ఆయన పాటను వదిలేసి ఒక్క స్వరం పట్టుకుంటాడు. అది పెరగదు, తరగదు. ఎప్పుడు ఆగిందో తెలియకుండా ఆగిపోతుంది. ఆ చోటు వచ్చినప్పుడు మాత్రం బావ కూడా పోట్లాట మానేసేవాడు.

ఒక ఏడాది చలికాలంలో పళ్ళక్కకు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది కానీ చెవులు మూసుకుపోయాయి. కొన్నాళ్ళకు అవీ తెరుచుకున్నాయి. హమ్మయ్య అనుకుని పనిలోకి వెళ్ళింది. ఆ ఆదివారం బావ గాజాయన్ని పెట్టాడు.

రేకు మీద మేకుతో గీస్తున్నట్టు వినిపించింది.

రికార్డు పాడైందనుకుంది. ఎదురుగా కూర్చున్న ఇద్దరూ కళ్ళు మూసుకుని తలలూపుతున్నారు. ఒక చెవి మూసుకుని చూసింది, తరవాత రెండోది. ఏ చెవి మూసినా తెరిచి ఉన్నది అబద్ధమే చెప్పింది. ఒక్క స్వరం రెండుగా చీలి, ఒకటి సరిగ్గానూ ఒకటి కిందకు జారుతూనూ, ఒకదాన్నొకటి పీక్కుంటున్నాయి.

చెవుల డాక్టరు పరీక్షలన్నీ చేసి, "లోపలి నరం దెబ్బతింది. దీనికి మందు లేదు. మాటలు వినిపిస్తున్నాయి కదా, సంతోషించండి," అన్నాడు.

మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. బస్సు హారను, కుళాయి చప్పుడు, అక్క తిట్లు, అన్నీ ఉన్నాయి. ఒక్క సంగీతమే పోయింది. ఈ మాట ఎవరితో చెప్పుకోవాలో ఆమెకు తెలియలేదు. కాలు విరిగితే పదిమంది పలకరిస్తారు. సాక్సోఫోన్ నాదం పోయిందంటే పనిచోట నవ్వుతారు.

బావకు చెప్పలేదు. ఆదివారాలు వెళ్తూనే ఉంది. ఇన్నేళ్ళ వాదనలు నోటికి వచ్చు గనక ఏదో ఒకటి అనేది. ఒకరోజు గడియారాల అతను అట్ట చూపించకుండా ఒక రికార్డు పెట్టి, "చెప్పు పళ్ళక్కా, ఎవరు?" అన్నాడు.

ఆమె కాసేపు విని, "ఇంకెవరు, ఊపిరాయనే," అంది.

అతను పగలబడి నవ్వాడు. "అన్నా, చూశావా! గాజాయన్ని పట్టుకుని ఊపిరాయనంటోంది. పళ్ళక్క ఇవాళ నన్ను ఆటపట్టిస్తోంది!"

బావ నవ్వలేదు.

సాయంత్రం బస్టాపు దాకా ఆమెతో నడిచాడు. బస్టాపులో బల్ల మీద కూర్చున్నాక, "ఎన్నాళ్ళనించి?" అన్నాడు.

ఆమె దాచలేకపోయింది. అంతా చెప్పింది. "నేను ఎవరితోనూ అనను," అన్నాడు బావ. బస్సు వచ్చినా ఆమె లేవలేదు. ఆ తరవాతి బస్సుకు ఆయనే చెయ్యి పట్టుకుని ఎక్కించాడు.

మరుసటి ఆదివారం వెళ్ళేసరికి రికార్డు ప్లేయరు మీద దుప్పటి కప్పి ఉంది. "సూది అరిగింది," అన్నాడు బావ. ఆ పై వారం, "ఎన్నిసార్లని వింటాం, విసుగొచ్చింది," అన్నాడు. గడియారాల అతను రెండు మూడుసార్లు వచ్చి, ఊరికే టీ తాగి వెళ్ళి, తరవాత రావడం మానేశాడు. ముందుగదిలో బావామరదళ్ళు ఎదురెదురుగా కూర్చునేవారు. వాతావరణం గురించి మాట్లాడుకునేవారు. మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకునేవారు. ఇన్నేళ్ళుగా ఒకరినొకరు ఎరిగింది ఆ పోట్లాటలోనే అని అప్పుడు తెలిసింది. అది లేకపోయేసరికి ఇద్దరూ ఒకే బస్సు కోసం కాచుక్కూర్చున్న కొత్తవాళ్ళలా అయ్యారు.

ఒకరోజు అక్క ఆమె పనిచోటికే వచ్చింది. ఎప్పుడూ అటు రాని మనిషి. అరల్లో వరసగా ఉన్న పళ్ళ సెట్లను చూసి మొహం తిప్పుకుని, "మీ బావ సరిగ్గా తినట్లేదే. పొద్దున్న లేచి గోడకేసి చూస్తూ కూర్చుంటాడు. ఇన్నేళ్ళూ ఆ పీపీ గోల ఎప్పుడు ఆగుతుందా అని చూశాను. ఇప్పుడు ఇల్లు బావురుమంటోంది. నిన్నగాక మొన్న నేనే ఆ దుప్పటి తీయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. మరదలు వినలేనిది నేనెలా వింటానే అన్నాడు. మీ ఇద్దరి మధ్యా ఏం జరిగిందో నాకు చెప్పరు," అని ఏడ్చింది.

పళ్ళక్క చక్రం ఆపి చేతులు కడుక్కుంది. ఏం చెయ్యాలో అప్పుడే తేల్చుకుంది.

ఆదివారం గుమ్మంలో అడుగు పెడుతూనే, "బావా! చెవులు తెరుచుకున్నాయి!" అని అరిచింది.

బావ లేచి నిలబడ్డాడు. "నిజంగా?"

"నిజంగానే. డాక్టరే ఆశ్చర్యపోయాడు. ఒక్కోసారి దానంతటదే సర్దుకుంటుందట. ముందా దుప్పటి తియ్యి. గాజాయన్ని పెట్టు, నెమ్మది పాట."

ఆయన దుప్పటి తీసి, మడత కూడా పెట్టకుండా కుర్చీ మీద పడేశాడు. రికార్డు అట్టలోంచి తీయడానికే చాలాసేపు పట్టింది. పాట మొదలైంది. ఆమె కళ్ళు మూసుకుంది, అదే మేలు కాబట్టి. రేకు, మేకు. పళ్ళు బిగించి, పాట తనకు కంఠతా వచ్చు గనక లోపల లెక్కపెట్టుకుంటూ సరైన చోట తలూపింది. ఆ స్వరం వచ్చింది. అది రెండుగా చీలి, అరుస్తూ, ఎంతకీ ఆగలేదు.

"ఏమంటావ్ మరదలా?" అన్నాడు బావ. కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"ఏమంటాను, మీ ఊపిరాయన ఏడు జన్మలెత్తినా ఇలా వాయించలేడంటాను."

"అదిగో! మళ్ళీ మొదలుపెట్టింది!" అని బావ వంటింట్లోకి వినబడేలా కేకేశాడు. ఆ పూట అన్నం రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు. గడియారాల అతనికి కబురు వెళ్ళింది. ఆదివారాలు మళ్ళీ మొదలయ్యాయి.

అక్కకు మాత్రం ఎలాగో తెలిసిపోయింది. ఒకరోజు పాట అయ్యాక వంటింట్లోకి వచ్చి కుళాయి కింద మొహం పెట్టిన చెల్లెల్ని చూసి, "నీకేమీ నయం కాలేదు కదూ?" అంది మెల్లగా.

"ఆయనకు చెప్పకే."

"ఎందుకే నీకీ శిక్ష?"

"తింటున్నాడుగా," అంది పళ్ళక్క. మొహం తుడుచుకుని ముందుగదిలోకి వెళ్ళింది.

అన్నాళ్ళూ ఆమెకు ఒక్క ఆసరా ఉండేది. చెవుల్లో పోయినా తలలో గాజాయన చెక్కుచెదరకుండా ఉన్నాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పెదవులు కదపకుండా ఆ పాట మొదటినుంచీ తలుచుకునేది. ఆ ఒక్క స్వరం అప్పటిలాగే, అద్దంలా, వచ్చి నిలబడేది. ఆ బలంతోనే ఆదివారాలు భరించింది.

వానాకాలం వెళ్ళేసరికి అదీ పాడైంది. ఒక సాయంత్రం పని నుంచి బస్సులో వస్తూ ఎప్పటిలాగే పాట తలుచుకుంది. మొదటి వరస వచ్చింది. రెండో వరస వచ్చింది. ఆ స్వరం దగ్గర రేకు గీసింది. మళ్ళీ మొదటినుంచి తలుచుకుంది. మళ్ళీ రేకే. వారం వారం విన్న ఆ పీడ లోపలికి దిగి అసలుదాన్ని తుడిచేసింది. తను ఇన్నేళ్ళు దేన్ని ప్రేమించిందో అది ఎలా ఉండేదో ఇక ఆమెకు తెలియదు. అద్దంలా ఉండేదని మాటగా తెలుసు, అంతే. దిగాల్సిన చోటు దాటిపోయింది. బస్సు చివరి స్టాపులో ఖాళీ అయ్యాక కండక్టరు వచ్చి భుజం తట్టాడు.

ఆ ఆదివారం కూడా వెళ్ళింది. బావ గాజాయన్ని పెట్టి, ఆ చోటు దాటాక, ఆశగా ఆమెకేసి తిరిగాడు.

"ఏమంటావ్?"

"గాజులా ఉంది బావా," అంది ఆమె.