చెవులక్క గదిలో ఎవరూ పిలవకూడదు

“దీన్ని పేరు పెట్టి పిలిస్తే ఎప్పటికీ వినిపించదేమోనండీ. నేను పక్క గదిలోంచి పిలుస్తూనే ఉంటాను, ఇది ఉన్నచోటే ఉండిపోతుందేమో.”

ఈ మాట మా ఆవిడతో అనలేదు. పై అంతస్తులో డాక్టరుతోనూ అనలేదు. అప్పుడే మొదటిసారి చూసిన ఒక పెద్దావిడతో అన్నాను. ఆవిడ మా పాప చెవిలోకి టార్చి వేసి చూస్తోంది. తల ఎత్తకుండానే, “పిల్లను కాస్త గట్టిగా పట్టుకో బాబూ. ముందు చెవి చూస్తాను, తర్వాత నీ భయం చూద్దాం,” అంది.

ఆస్పత్రిలో అందరూ ఆవిడను చెవులక్క అంటారు. వినికిడి తక్కువున్న పిల్లలకు చెవి అచ్చులు చేయడం ఆవిడ పని. మెట్ల కింద చిన్న గది, ఒక బల్ల, మెడ వంచుకుని నిలబడే లైటు, అచ్చుల అంచులు అరగదీసే చిన్న మెషిన్. దారం కట్టిన దూది ఉండను ముందు చెవిలోకి తోసి, గులాబీ రంగు ముద్దను సిరంజితో మెల్లగా ఎక్కిస్తుంది. అది గట్టిపడ్డాక దారం పట్టి లాగితే చెవి లోపలి ఆకారం మొత్తం చేతిలోకి వస్తుంది. దాన్ని బట్టి మెత్తటి అచ్చు పోసి, చెవి వెనక పెట్టే వినికిడి మెషిన్‌కు సన్నటి గొట్టంతో తగిలిస్తుంది. అచ్చు సరిగ్గా కూర్చోకపోతే మెషిన్ ఈల వేస్తుంది. పిల్లల చెవులు పెరుగుతాయి కాబట్టి కొన్నాళ్లకోసారి కొత్త అచ్చు కావాలి. అందుకే ఆ గదికి పిల్లలు ఏళ్ల తరబడి వస్తూనే ఉంటారు.

నేను కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతాను. పాపకు వినపడటం లేదేమోనని అనుమానం వచ్చిన రోజు నుంచి ఇంట్లో దాని వెనక నిలబడి గరిటెతో పళ్లెం మీద కొడుతున్నాను, తలుపు చప్పుడు చేస్తున్నాను. ఒకరోజు మా ఆవిడకు విసుగొచ్చింది. “ఇది ఇల్లనుకున్నారా, మీ ల్యాబనుకున్నారా? పిల్ల అన్నం తినేటప్పుడైనా ఆ గరిటె కింద పెట్టండి మహానుభావా!” అంది. డాక్టరు చెప్పింది ఒక్కటే. వినికిడి బాగా తక్కువగా ఉంది, మెషిన్ సరిపోవచ్చు, సరిపోకపోవచ్చు, పెట్టి చూస్తేగాని తెలియదు.

పాప ఒక చెవి అయ్యాక, రెండో చెవిలో ముద్ద ఆరుతుండగా ఒక కాలేజీ అమ్మాయి తలుపు తోసుకుని వచ్చింది.

“రావే తుమ్ముల రాణీ,” అంది చెవులక్క.

“అక్కా! కొత్తవాళ్ల ముందు ఆ పేరేంటి?”

“మరి నువ్వు మొదట విన్నది తుమ్మేగా.”

ఆ అమ్మాయి మా వైపు తిరిగింది. “మెషిన్ పెట్టిన రోజు మా నాన్న తుమ్మాడండీ. తుమ్మాడంతే! ఇప్పటికీ చుట్టాలు ఎవరొచ్చినా, నా కూతురు లోకంలో మొట్టమొదట విన్నది నన్నే అని చెప్పుకుంటాడు.”

ఆ గదిలో పిల్లలందరికీ అలాంటి పేర్లే. కుర్చీ బాబు. తాళాల పిల్ల. ఒకడైతే లిఫ్టుగాడు. మెషిన్ పెట్టగానే ఎవరికి ఏ శబ్దం తగిలిందో అదే వాళ్ల పేరు. చెవులక్క ఒక్కటీ మరిచిపోలేదు.

అమ్మాయి పని చూసుకుని వెళ్లాక చెవులక్క మాకు షరతు చెప్పింది. “మెషిన్ పెట్టే రోజున ఈ గదిలో ఎవరూ పిల్లను పిలవకూడదు. చప్పట్లు కొట్టకూడదు. ఏది వస్తే అది రావాలి.”

“పేరు పెట్టి పిలిచి చూడమని డాక్టరుగారు చెప్పారే?” అన్నాను.

“పిలుచుకో. గది దాటాక నీ ఇష్టం.”

“ఎందుకలా?” అని మా ఆవిడ అడిగింది. అప్పుడు చెవులక్క బల్ల పక్కన కూర్చుంది. ముద్ద ఆరిందో లేదో వేలితో నొక్కి చూస్తూ చెప్పింది.

ఆవిడ ఇదివరకు పళ్ల డాక్టరు దగ్గర కట్టుడు పళ్లకు అచ్చులు పోసేది. కొడుకు పుట్టుకతోనే వినలేడు. మంచి మెషిన్ దొరికేసరికి వాడికి అయిదేళ్లు నిండాయి.

“ఆ రోజు మా ఇంట్లో పెళ్లిసందడి అనుకో అమ్మాయ్. మేనత్తలు, బాబాయిలు వరసగా నిలబడ్డారు. వాడు ఎవరి గొంతు మొదట వింటాడా అని ఒకటే పోటీ. కన్నదాన్ని నేనుండగా మీరెవరని అందరినీ వెనక్కి నెట్టాను. వాడి ఎదురుగా కూర్చుని నాన్నా, నాన్నా అని ఒకటే పిలవడం. వాడేమో కిటికీ వైపు తిరుగుతాడు. నేను గడ్డం పట్టుకుని ఇటు తిప్పుతాను. మళ్లీ అటే. మళ్లీ తిప్పాను. ఆఖరికి ఏడ్చి, మెషిన్ పీకి పారేశాడు. మొండివెధవ అనుకున్నాను.”

ముద్దను ఇంకోసారి నొక్కి చూసింది.

“మీసాలొచ్చాక చెప్పాడు. వాకిట్లో నిలబడి ఉన్నాం, వాన పడుతోంది. అమ్మా, ఆ రోజు నేను విన్నది ఇదే, రేకుల మీద వాన, వింటుంటే నువ్వు నా మొహం తిప్పేశావు అన్నాడు. కోపంగా కాదు బాబూ, మామూలుగా అన్నాడు. తిట్టినా బాగుండేది. సరే, ఇద్దరం కలిసి ఆ వాన విన్నాం. కానీ అది ఆ వాన కాదుగా.”

దారం పట్టుకుని లాగింది. పాప చెవి ఆకారం, చిన్న శంఖంలాంటిది, ఆవిడ అరచేతిలోకి వచ్చింది.

పది రోజుల తర్వాత వెళ్లాం. పైన డాక్టరు మెషిన్‌ను కంప్యూటరుకు తగిలించి సరిచేసి ఇచ్చారు. కింద చెవులక్క రెండు చెవులకూ అచ్చులు తొడిగింది. ఈల రాలేదు. మెషిన్ ఆన్ చేసి, పాపను నేల మీద చెక్కముక్కల దగ్గర కూర్చోబెట్టి, తను గోడకు ఆనుకుంది.

ఎవరమూ మాట్లాడలేదు. పైన ఎవరో బకెట్ ఈడ్చారు. పాప తల ఎత్తలేదు. బయట తలుపు దడాలున పడింది. పాప చెక్కముక్క మీద చెక్కముక్క పెట్టింది. మా ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పాప పేరు నా గొంతుదాకా వచ్చి ఆగింది. సరిపోలేదు, మెషిన్ సరిపోలేదు అనుకున్నాను. ఆ తర్వాత ఏం చెయ్యాలో కూడా ఆలోచించడం మొదలుపెట్టాను.

మా ఆవిడ కాలు జరుపుకోబోతే సంచి ఒరిగింది. మూత సరిగా బిగించని స్టీలు సీసా లోపలుంది. ఆ మూత సంచిలోంచి జారి పాప వెనకగా దొర్లుకుంటూ బల్ల కిందికి పోయింది. అక్కడ గుండ్రంగా తిరిగి తిరిగి, చివర్లో టకటకమని వేగంగా కొట్టుకుని ఆగింది.

పాప చేతిలో చెక్కముక్క గాల్లోనే ఉండిపోయింది. వెనక్కి తిరిగింది. బల్ల కింద చీకటి, కనిపించేది ఏమీ లేదు. అయినా అటే చూస్తోంది. శబ్దం ఆగిపోయాక కూడా, మళ్లీ వస్తుందేమోనని, నోరు కొద్దిగా తెరిచి అటే చూస్తోంది.

నాకు తెలియకుండానే నా చెయ్యి దాని గడ్డం వైపు వెళ్లింది. నా వైపు తిప్పుకుని, నేనే నాన్నను అని చెప్పాలని. చెవులక్క గోడ దగ్గర నుంచి కదల్లేదు. నా చేతిని మాత్రం చూసింది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

పాప పాక్కుంటూ బల్ల కిందికి వెళ్లి మూత తెచ్చుకుంది. మా ఆవిడ అప్పటికే ఏడుస్తోంది.

“మూత పాప,” అంది చెవులక్క.

“పెద్దయ్యాక నన్ను చంపేస్తుంది,” అంది మా ఆవిడ కళ్లు తుడుచుకుంటూ.

పేరుకు ఇంకా పలకదు. కొన్ని శబ్దాలే అందుతున్నాయని, ఇంకా చూడాలని డాక్టరు అన్నారు. నా భయం పోలేదు. మొన్న సాయంత్రం పక్క గదిలోంచి పిలవబోతూ తొంగి చూస్తే, పాప గోడ వైపు తిరిగి ఉంది. అవతలి ఇంట్లో ఎవరో మేకు కొడుతున్నారు. వెళ్లి పక్కన కూర్చుని నేనూ గోడనే చూశాను. సుత్తి చప్పుడు ఆగాక అది తనంతట తనే నా మొహంలోకి చూసింది, నువ్వూ విన్నావా అన్నట్టు.

మెషిన్ పెట్టిన రోజు గది దాటుతుంటే చెవులక్క గుమ్మం దాకా వచ్చి, పాప చెవి వెనక మెషిన్ సర్దుతూ అన్న మాట ఇది: “పిల్ల ఎటు తిరిగితే ముందు నువ్వూ అటు తిరుగు బాబూ. పిలవడానికి తర్వాత బోలెడు టైముంది.”